చెరువొడ్డు డేరాలు, తిరుమల పొయ్యి

ఇంట్లో మంచం, ఫ్యాను, దోమతెర అన్నీ ఉండగా వాటిని వదిలేసి, చెరువొడ్డున బట్ట గుడిసెలో పడుకోవడానికి కరీంనగర్ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లను చూస్తే తిరుమలకు ఒళ్లు మండేది. మండినా చేసేదేమీ లేదు. ఆ బట్ట గుడిసెలు ఆమె మొగుడు కొండల్‌వి. వాటిలో పడుకునేవాళ్లకు వండిపెట్టేది ఆమె.

వాళ్లు దిగడమే ఒక తమాషా. గుడిసెంత కారు వచ్చి ఇప్పచెట్టు కింద ఆగుతుంది. డిక్కీ తెరిస్తే మడత కుర్చీలు, మడత బల్ల, ఐసు పెట్టె, మెత్తలు, పాటల డబ్బా, దోమలకు పూసుకునే మందు, పురుగులకు కొట్టే మందు, ఇంకా ఏవేవో బయటికి వస్తాయి. ఇల్లంతా ఊడబెరుక్కుని వచ్చి, అవన్నీ పచ్చిక మీద పరిచి, నడుము మీద చేతులు పెట్టుకుని చెరువు వంక చూస్తూ "అబ్బ, అన్నీ ఇడిచిపెట్టి వచ్చినం" అంటారు. కాసేపటికే సిగ్నల్ లేదని ఫోను పట్టుకుని చేతులు పైకెత్తి ఒడ్డంతా తిరుగుతారు. పాయఖానా ఎక్కడని అడుగుతారు, చూపిస్తే మొహాలు వేలాడేస్తారు. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే మాట.

"పులి వస్తదా?"

ఆ మాట వింటే నవ్వాలో తిట్టాలో తిరుమలకు తెలిసేది కాదు. వాగవతల పులి తిరుగుతోందని తెలిసిన నాటి నుంచి ఊళ్లో ఆడవాళ్లు ఒంటరిగా చేనుకు పోవడం మానేశారు. పులి వెనక నుంచే మీద పడుతుందని ఎవరో చెబితే, తల వెనక మనిషి మొహం బొమ్మలు కట్టుకుని పత్తి ఏరారు. ఆ దారాలు ఒరుసుకుని చెవుల మీద పుండ్లు పడ్డాయి. ఈ మహారాణులేమో పులి కనబడలేదని తిండి మానేసి అలుగుతారు. కొండల్ వాళ్లను బుజ్జగించేవాడు. "వస్తది మేడమ్, నీళ్లకు గిక్కడికే వస్తది" అని చెప్పి, బురదలో కుక్క అడుగులు చూపించి ఫొటోలు తీయించి పంపేవాడు.

కొండల్ పదమూడేళ్లు దుబాయిలో ఉన్నాడు. ఏం పని అని అడిగితే "క్యాంపుల" అనేవాడు. లేబర్ క్యాంపు కాబోలనుకుంది తిరుమల, ఊళ్లో దుబాయి పోయినవాళ్లందరూ ఉండేది అందులోనే కదా. చాలా ఏళ్లకు ఒక ఫొటో పంపాడు. ఇసుకలో డేరాలు, ఎర్ర తివాచీలు, రంగు దీపాలు, నడుమ నిప్పు, చుట్టూ మెత్తల మీద ఒరిగిన తెల్లతోలు మనుషులు. అది ఎడారిలో సరదాకు పడుకునేవాళ్ల చోటట. ఆ డేరాలు వేసేదీ విప్పేదీ కొండల్ పని. తిరుమల ఆ ఫొటోను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అందులో మొగుడు కనబడకపోతే, తీసినవాడు అతనే అయి ఉంటాడని సరిపెట్టుకుంది.

ఎడారిలో డేరాల సీజను చలికాలం. ఎండాకాలం అక్కడికి పురుగు కూడా రాదు కాబట్టి కొండల్‌కు సెలవు ఎప్పుడూ ఎండాకాలంలోనే దొరికేది. మామిడికాయలప్పుడు వచ్చి, మొదటి వానకు ముందే వెళ్లిపోయేవాడు. బతుకమ్మ, దసరా, పత్తి ఏరుడు, ఏదీ అతను చూసింది లేదు. తిరుమల బీడీలు చుట్టింది. రెండెకరాల పత్తి ఒంటిచేత్తో చూసుకుంది. బిడ్డను చిన్నప్పటి నుంచే హాస్టల్లో ఉంచి చదివించి, కరీంనగర్‌లో నర్సింగు చదువుకు పంపింది. అత్త కిష్టవ్వ మోకాళ్ల నొప్పినీ నోటినీ భరించింది. మొగుడు దగ్గర లేడని కూర్చుని ఏడ్చే తీరిక కూడా ఆమెకు దొరకలేదు.

చివరి సెలవుకు వచ్చినవాడు మళ్లీ పోనన్నాడు. తిరుమల మురిసిపోయింది. ఆ మురిపెం డీసీఎం బండిలో డేరాలు దిగేదాకానే.

వాళ్ల ఊరు జంగిడిపల్లె కాగజ్‌నగర్ నుంచి అడవి దారిన పోయి పెద్దవాగు దాటితే వస్తుంది. ఊరికీ అడవికీ నడుమ చెరువు. చెరువుకు ఈ పక్కన పచ్చిక, ఇప్పచెట్ల నీడ. ఆ పక్కన రాళ్లు, ముళ్లకంప. కొండల్ వాళ్ల చేను ఈ పక్క ఒడ్డును ఆనుకునే ఉంది. ఎదిగిన పత్తిని సగం పీకించి చదును చేయించాడు. అది చాలక డేరాలను పచ్చిక మీదికి కూడా జరిపాడు. పచ్చిక ఊరందరిది. కానీ దుబాయి నుంచి కొత్తగా వచ్చినవాణ్ని ఎవరూ ఏమీ అనరు. ఏడాది దాకా ఆ మర్యాద నడుస్తుంది.

"చుట్టు కాలువ తియ్యిరా కొడుకా. వాన పడితె నీళ్లన్ని డేరాల్లకే వస్తయి," అంది కిష్టవ్వ.

"దుబాయిల గిసొంటియి ఎన్నో ఏసిన. నీకెర్కలేదవ్వా, ఊకో," అన్నాడు కొండల్.

దుబాయిలో వాన ఎక్కడిది? ఇక్కడ పడింది. తివాచీలు నీళ్లు తాగి ఉబ్బాయి, మెత్తలు చెరువులోకి ప్రయాణం కట్టాయి, వచ్చినవాళ్లు కార్లలో ముడుచుకుని తెల్లారీ తెల్లారకముందే వెళ్లిపోయారు. కిష్టవ్వ ఆ ముచ్చటను వాడంతా తిరిగి చెప్పుకుంది. తర్వాత కొండల్ కాలువ తీశాడు గానీ, అవ్వ చెప్పిందని ఒప్పుకోలేదు. దుబాయిలో కూడా ఇట్లనే తీస్తారన్నాడు. అతను ఏది మాట్లాడినా దుబాయి ముందు వస్తుంది, అతను వెనక వస్తాడు.

ఇంత ఎద్దేవా చేసినా తిరుమల మొగుడి దగ్గర ఒక్కటి కోరుకుంది. అది డేరాల సంగతి కాదు, వనవాసం సంగతి.

వానలు వెనకబట్టాక, పత్తి ఏరుడు జోరందుకోకముందు, ఒక ఆదివారం జంగిడిపల్లె అంతా ఊరు విడిచిపోతుంది. పొద్దు పొడవక ముందే ఇళ్లకు తాళాలు పడతాయి. ఆ రోజు ఊళ్లో పొయ్యి ముట్టించకూడదు, చాయ హోటలు కూడా మూతే. ముసలీ ముతకా, కోళ్లూ మేకలూ, వెంటబడిన కుక్కలూ అందరూ చెరువొడ్డుకు పోయి వండుకు తిని, సందె వేళ తిరిగి వస్తారు. ఊళ్లోని పీడ ఖాళీ ఇళ్లు చూసి విసిగి వెళ్లిపోతుందని నమ్మకం. ఇంటికి ఒకటే పొయ్యి. మూడు రాళ్లు పెట్టి, ఆ ఇంటి మనుషులందరూ దాని చుట్టూ కూర్చుని తినాలి. సందె వేళకు పెద్దమనిషి మొండయ్య నీళ్ల బిందెతో వచ్చి ఒక్కో పొయ్యి మీద నీళ్లు చల్లి ఆర్పుతాడు. అప్పటికి ఆ ఇంటివాళ్లు అక్కడ లేకపోయినా, ఇంకో చోట ఇంకో పొయ్యి ముట్టించుకున్నా, వాళ్లు వేరుపడ్డట్టే లెక్క. అన్నదమ్ములు విడిపోయిన సంగతి ఊరికి తెలిసేది అట్లాగే. దానికి పంచాయితీ అక్కర్లేదు, అరుపులూ అక్కర్లేదు.

పరదేశం పోయినవాళ్లకు, చదువుకు పోయిన పిల్లలకు ఆ లెక్క లేదు. అందుకే పదమూడేళ్లు తిరుమల, కిష్టవ్వ ఇద్దరే పొయ్యి ముట్టించారు. చుట్టుపక్కల పొయ్యిల దగ్గర మొగవాళ్లు కూర చాలలేదని పేచీ పెట్టుకుంటుంటే, వీళ్ల పొయ్యి దగ్గర రెండు విస్తరాకులు పడేవి. "ఏమే తిర్మలా, మీ ఇంటాయన పొయ్యి దుబాయిలనే ముట్టిచ్చిండా?" అని పక్కవాళ్లు ప్రతి ఏడూ పరాచికమాడేవారు. ప్రతి ఏడూ తిరుమల నవ్వేది. ఆ నవ్వుతో దవడలు నొప్పి పుట్టేవి. ఈ ఏడు మొగుడు ఊళ్లో ఉన్నాడు. ఊరందరి కళ్ల ముందు అతను ఆ పొయ్యి దగ్గర కూర్చుని, ఆమె వడ్డిస్తే తినాలి. అంతే. ఆ ఒక్క పూట కోసం డేరాలన్నిటినీ మన్నించడానికి ఆమె సిద్ధంగా ఉంది.

డప్పు చాటింపు విన్న సాయంత్రమే పెద్ద గిన్నె తీసి తోమింది.

"ఎందుకది?" అన్నాడు కొండల్.

"వనవాసానికి. ఆదివారం కాదా?"

"ఆదివారం నాకు పార్టీ ఉన్నది. ఓంప్రకాశ్ సార్ వస్తుండు. కరీంనగర్ల గ్రానైటు యాపారం ఆయనది. సారు, మేడమ్, దోస్తులు. మనిషి అలికిడే ఉండదని మాటిచ్చిన."

తిరుమల తోముతున్న చెయ్యి ఆపింది. "మనిషి అలికిడి ఉండదా? ఊరు ఊరే వస్తది గా ఒడ్డుకు."

"గదే చెప్తున్న. ఈ ఒక్క ఏడు అవతలి ఒడ్డుకు పోతె ఏమైతది? మొండయ్య కాకను నేను అడుగుత. నువ్వు ఫికర్ చెయ్యకు."

"వాళ్లు పోతరు. మరి నువ్వు యాడ తింటవు?"

"గిది కూడ ఒక ముచ్చటనా? ఏడనో ఒకకాడ తింట. నువ్వు జర పొద్దుగాల లేచి సార్లకు నాస్తా చెయ్యాలె. పగటీలి తిండికి బగారా, కోడికూర."

"ఆ దినం ఇంటికి ఒకటే పొయ్యి. ఎరుకేనా నీకు?"

"గ్యాసు పొయ్యి పొయ్యి కాదు తియ్యి," అని నవ్వాడు కొండల్. తెలివైన మాట అన్నాననుకున్నప్పుడల్లా అతను అట్లాగే నవ్వుతాడు.

"పొయ్యి నేను ఒక్కటే పెడుత. ఊరు యాడ పెడితె ఆడ్నే," అంది తిరుమల. "మీ సార్లకు నువ్వే వండుకో. తినబుద్ధయితె నువ్వే రా." గిన్నె బోర్లించి లోపలికి పోయింది. కొండల్ ఆ మాటను చెవిన పెట్టలేదు. ఆడవాళ్ల కోపం తెల్లారేసరికి దిగుతుందని అతని ధీమా. పదమూడేళ్లు ఫోనులోనే సంసారం చేసినవాడికి ఆడవాళ్ల కోపం గురించి ఏం తెలుస్తుంది?

మొండయ్య దగ్గరికి పోయి వచ్చేటప్పుడు మాత్రం అతని మొహం వెలిగిపోతోంది. "ఒక్క మాట అనలేదే అవ్వా! 'సరే బిడ్డా, అవతలికే పోతం' అన్నడు. మీరే ఉత్తగ పరేషాన్ అయితున్నరు."

కిష్టవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. ఆ చెయ్యి ఆగిపోయింది. "తిట్టలేదా?"

"తిట్టలే."

"తాత ముత్తాతల నాటి ఒడ్డు ఇడువమంటె నిన్ను తిట్టనన్న తిట్టలేదా?" కిష్టవ్వ నూనె గిన్నె పక్కకు నెట్టింది. "అయితె నిన్ను పరాయోని కిందనే లెక్క కట్టిండురా. సొంత పోరగాడైతె చెప్పుతోని కొడుతుండె."

ఆదివారం తెల్లవారుజామున అత్తాకోడళ్లు గిన్నెలు నెత్తికెత్తుకుని చెరువు కట్ట మీదుగా అవతలి ఒడ్డుకు నడిచారు. కిష్టవ్వ దారి పొడుగునా మోకాళ్లనూ కొడుకునూ కలిపి తిట్టింది. అక్కడ నీడ లేదు. మొగవాళ్లు కొడవళ్లతో ముళ్లకంప నరుకుతున్నారు, ఆడవాళ్లు రాళ్లు ఏరి పారేస్తున్నారు. ఇప్పచెట్ల కింద ఏ ఇంటి పొయ్యి ఎక్కడో అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. నా చోటు ఇది, నీ చోటు అది అని గునుస్తూనే రాళ్లు పెట్టుకున్నారు. తిరుమలను చూసి ఒక్కరూ ఎత్తిపొడవలేదు. ఏటేటా పరాచికమాడే పక్కింటామె కూడా మొహం తిప్పుకుని ఉల్లిగడ్డ కోస్తూ కూర్చుంది. పరాచికమే నయమనిపించింది తిరుమలకు. సిగ్గుతో ఆమె రాళ్లను అందరికంటే చివర, ఒక బండ పక్కన పెట్టుకుంది.

నీళ్లకు అవతల క్యాంపు మొత్తం కనబడుతోంది. పచ్చిక చుట్టూ కొండల్ నైలాన్ తాడు కట్టాడు. తెల్లచొక్కా తొడిగి, టోపీ పెట్టుకుని డేరాకూ డేరాకూ నడుమ ట్రే పట్టుకుని పరుగెడుతున్నాడు. పొద్దెక్కాక అక్కడి నుంచి సన్నగా పొగ లేచింది. గ్యాసు పొయ్యి సార్లకు ఆనలేదు కాబోలు, బొగ్గుల మీద కోడిని కాలుస్తున్నాడు.

ఒడ్డు మీది ముసలివాళ్లు ఆ పొగ వంక చూశారు. ఆ తర్వాత తిరుమల పొయ్యి వంక చూశారు.

"వానికెర్కలేదు తియ్యి. ఎర్కలేక చేసిండు," అంది కిష్టవ్వ గట్టిగా, అందరికీ వినబడేటట్టు. పొద్దున్నుంచీ తిట్టిన నోటితోనే ఇప్పుడు కొడుకును వెనకేసుకు రావలసి వచ్చిందని ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

తిరుమల బగారా అన్నం దింపింది, నాటుకోడి కూర ఎక్కించింది, పచ్చిపులుసు కలిపింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. మనసులో మాత్రం ఆ టోపీని, ఆ ట్రేని, ఆ పరుగును వెక్కిరిస్తూనే ఉంది. ఇంట్లో గ్లాసెడు నీళ్లు కూడా ముంచుకు తాగడు, అక్కడ చూడు ఎంత హుషారో! దొర. క్యాంపు దొర. రానీ, రాకపోనీ. వేరుపడితే పడ్డాం, ఇన్నాళ్లూ కలిసున్నదెప్పుడు గనక? అట్లా అనుకుని కూడా, ఆమె కట్ట వైపు చూడడం మానలేదు.

పొద్దు వాలాక కట్ట మీద మనుషులు కనబడ్డారు. వస్తున్నది కొండల్ కాదు, అతని సార్లు.

జరిగిందేమంటే, ఓంప్రకాశ్ సారుకు కోడి పైన మాడి లోపల పచ్చిగా దొరికింది. పాటల డబ్బాలో చార్జింగు అయిపోయింది. మనిషి అలికిడి లేని చోట కూర్చుని ఏం చేయాలో వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. అవతల నుంచి డప్పు, నవ్వులు, కూర వాసన. మనుషులు లేని చోటు కావాలని వచ్చినవాళ్లు రోజు గడవకముందే మనుషులను వెతుక్కుంటూ బయల్దేరారు. ముందు ఫోను ఎత్తి పట్టుకుని ఓంప్రకాశ్ భార్య దీపిక, వెనక బొజ్జను మోసుకుంటూ ఓంప్రకాశ్, ఆ వెనక దోస్తులు.

"అయ్యో, ఎంత బాగుందో! అసలైన క్యాంపింగ్ అంటే ఇదే కదండీ!" అంది దీపిక పొయ్యిలన్నిటినీ ఫోనులో పట్టుకుంటూ. పుట్టిన నాటి నుంచీ కట్టెల పొగతో కళ్లు మండిన ఆడవాళ్లు ఆమె వంక వింతగా చూశారు. తాము చేస్తున్నదానికి ఒక పేరు ఉందని వాళ్లకు ఆ రోజే తెలిసింది.

శనివారం సందె వేళ క్యాంపులో దిగగానే చాయ పోసింది ఆమే కాబట్టి, వాళ్లకు తెలిసిన మొహం ఒక్క తిరుమలదే. నేరుగా ఆమె పొయ్యి దగ్గరికి వచ్చారు. "ఏం తిరుమలా, మాకు లేదా?" అన్నాడు ఓంప్రకాశ్, పొద్దున నాస్తా ఎందుకు ఎగ్గొట్టావని అడిగే గొంతుతో. పొయ్యి దగ్గరికి వచ్చిన మనిషిని పొమ్మనడం ఆ రోజు కుదరదు. "కూసోండ్రి," అని మోదుగ విస్తరాకులు పరిచింది తిరుమల. ఓంప్రకాశ్ నేల వంక చూశాడు, తన మోకాళ్ల వంక చూసుకున్నాడు, నిలబడే ఉన్నాడు.

అప్పుడు కట్ట మీద కొండల్ కనబడ్డాడు. తిరుమల గంటె పట్టుకుని లేచి నిలబడింది. వస్తున్నాడు. ఆలస్యమైతే కానీ, వస్తున్నాడు. ఆ సంబరం కట్ట దిగేదాకా కూడా నిలవలేదు. కొండల్ రెండు భుజాల మీదా మడత కుర్చీలు ఉన్నాయి, మెడలో ఐసు పెట్టె వేలాడుతోంది. రొప్పుతూ వచ్చి, పొయ్యి చుట్టూ కుర్చీలు తెరిచి, రుమాలుతో దులిపి, "కూర్చోండి సార్, కూర్చోండి మేడమ్" అన్నాడు. తిరుమల చేతిలోని గంటె తీసుకుని వడ్డించడం మొదలుపెట్టాడు. "జర కారం ఉంటది మేడమ్. సార్, మీకు లెగ్ పీసు." ఊరంతా తినడం ఆపి చూస్తోంది.

"కుర్చీలు మోసుడు మస్తుగ వస్తది మా కొండలుకు," అన్నాడు ఎవరో. అటు పక్కన నవ్వులు. తిరుమల మొహం పొయ్యి కంటే వేడెక్కింది.

"గంటె ఇటియ్యి. నీకు ఇస్తరాకు ఏసిన, కూసో," అంది పళ్ల నడుమ నుంచి.

"సార్లు తిననియ్యి."

"తింటున్నరు. నోర్లున్నయి, చేతులున్నయి. నువ్వు కూసో."

కొండల్ సరే అన్నట్టు తలూపాడు. విస్తరాకు చేతిలోకి తీసుకుని అన్నం, కూర పెట్టించుకుని, కుర్చీల వెనక్కి, బండ చాటుకు పోయాడు. తిరుమల ఇంకేదో అనబోయి తల తిప్పి చూసింది. అతను నిలబడి తింటున్నాడు. విస్తరాకును అరచేతిలో పెట్టుకుని, సగం ఇటు తిరిగి, కళ్లు కుర్చీల మీదే ఉంచి, నమలకుండా మింగుతున్నాడు. ఎవరి విస్తరాకు ఖాళీ అవుతోందో చూస్తూ తింటున్నాడు.

తిరుమల లేచి బండ దగ్గరికి పోయింది. "అట్ల తింటవేంది?"

కొండల్ నోట్లోది మింగి, తప్పు దొరికినట్టు నవ్వాడు. "అలవాటే. అక్కడ గంతే కద. సార్లు తిన్నంక డేరా ఎనుక తింటం. నిలబడి తింటె జల్ది అయితది. పిలిస్తె పోవచ్చు."

"పదమూడేండ్లు గిట్లనే తిన్నవా?"

"డ్యూటీ మీద కూసోనియ్యరే," అన్నాడు కొండల్, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

ఇన్ని నెలలుగా వెక్కిరించింది ఈ మనిషినేనా? క్యాంపు దొర అనుకుంది. ఇక్కడ తాను రెండు విస్తరాకులేసుకుని, మొగుడు అక్కడ తివాచీల మీద ఒరిగి తింటున్నాడని కుళ్లుకున్న ఏళ్లన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. కోపం వచ్చింది, ఈసారి అది మొగుడి మీద కాదు.

అటు చివర నుంచి మొండయ్య బిందెతో బయల్దేరాడు. ఒక్కో పొయ్యి మీద నీళ్లు చల్లుతూ, పొగ లేస్తుంటే పక్కకు తప్పుకుంటూ వస్తున్నాడు.

తిరుమల మొగుడి మణికట్టు పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కొచ్చింది. అతని చేతిలోని విస్తరాకు తీసి నేల మీద పెట్టింది. "కూసో."

కొండల్ కూర్చోలేదు. కాళ్లు వంచబోయి, ఆగి, కుర్చీలో ఉన్న ఓంప్రకాశ్ వంక చూశాడు. చేతులు ముందు కట్టుకున్నాడు.

"సార్, కూసోనా?"

తన ఇంటి పొయ్యి దగ్గర, తన ఊరి నడుమ, కన్నతల్లి చూస్తుండగా అడిగాడు. ఓంప్రకాశ్ నోరు ఖాళీ లేక, ఎడమ చెయ్యి ఎత్తి ఊపాడు. కూర్చో, కూర్చో, ఫర్వాలేదు అన్నట్టు. ఎంతో దయగా ఊపాడు. కిష్టవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొండల్ కూర్చున్నాడు. తిరుమల అతని విస్తరాకులో అన్నం పెట్టింది, కూర పోసింది, పచ్చిపులుసు పక్కన పెట్టింది. ఆ తర్వాత మొగుడికీ కుర్చీలకూ నడుమ, సార్లకు వీపు పెట్టి, నేల మీద చతికిలబడింది. ఇటు పక్కన కిష్టవ్వ జరిగి కూర్చుంది.

"కొండల్, నీళ్లు," అంది వెనక నుంచి ఒక గొంతు.

కొండల్ మోకాలు లేచింది. తిరుమల ఆ మోకాలి మీద చెయ్యి వేసి కిందికి అణిచి, అట్లాగే ఉంచింది. వెనక ఆ గొంతు మళ్లీ పిలిచింది. ఆమె తిరిగి చూడలేదు.

మొండయ్య బిందెతో వచ్చి నిలబడ్డాడు. పొయ్యినీ, కుర్చీలనూ, నేల మీద కూర్చున్న ముగ్గురినీ చూశాడు. బిందె దించి పక్కన పెట్టాడు. "తినుర్రి, తినుర్రి. నేను ఆగుత," అన్నాడు. కొండల్ వైపు తిరిగి, "దొంగ నా కొడకా, ఒడ్డు గుంజుకుంటివి, ఇగ కూడన్న నిమ్మలంగ తిను," అని తిట్టాడు.

కొండల్ తల వంచుకుని ముద్ద కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్దకు అతని కళ్లు అలవాటుగా తిరుమల భుజం మీదుగా కుర్చీల వైపు పోయాయి.

"నా దిక్కు చూసి తిను," అంది తిరుమల.